పగడాల మడిలో బొబ్బర

మా తండాలో నా ఉద్యోగం గురించి మూడు కథలు చెలామణిలో ఉన్నాయి. మా బా, అంటే నాన్న, టేకులపల్లిలో చాయ్ తాగే ప్రతి చోటా "మా బిడ్డ సముద్రంల చెట్లు నాటుతది" అని చెప్పుకుంటాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. తల్లాడలో ఉండే మా మేనత్త నేను చేపల డిపార్ట్‌మెంట్‌లో ఉన్నానని గట్టిగా నమ్మింది. కనపడ్డ ప్రతిసారీ ఎండు రొయ్యలు తెచ్చావా అని అడుగుతుంది, తేలేదంటే మూతి ముడుచుకుంటుంది. మా యాడి, అంటే అమ్మ, ఇద్దరి మాటా కొట్టిపారేసి, "అది రాళ్ళకు దవాఖానా పెట్టింది" అంటుంది.

ముగ్గురిలో నిజానికి దగ్గరగా వచ్చింది యాడే. పగడం చూడటానికి రాయే, కానీ దాని మీద పల్చటి ప్రాణం పరుచుకుని ఉంటుంది. ఎండలు ముదిరి సముద్రం నీళ్ళు కాగిన ప్రతి ఏడాదీ ఆ ప్రాణానికి జబ్బు చేస్తుంది. ఆ ఏళ్ళు ఈ మధ్య మరీ దగ్గర దగ్గరగా వస్తున్నాయి. దెబ్బతిన్న పగడపు దిబ్బలను మళ్ళీ నిలబెట్టే పనిలో లక్షద్వీప్‌లోని ఒక చిన్న దీవిలో నేనొక కూలీని. కాగితం మీద నా హోదా పేరు వేరే ఉంది గానీ, చేసేది మాత్రం మా చేన్లో చేసిన పనే.

మా ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగులో రాస్తున్నాను కాబట్టి, యాడి బయటివాళ్ళతో మాట్లాడే తెలుగునే ఇక్కడ ఆమె నోట్లో పెడుతున్నాను. ఎవరైనా చదివి వినిపిస్తే "నేను గట్ల మాట్లాడుతనా?" అని నా మీదికి వస్తుందని తెలుసు. అవును యాడీ, గట్లనే మాట్లాడుతవు.

మాది అడవి అంచున రెండెకరాల చేను. ఒక ఎకరం పత్తి, బోరు నీళ్ళు అందే ఎకరం మిరప. మిరపకు వచ్చే తెగుళ్ళలో యాడికి బద్ధశత్రువు బొబ్బర. అది సోకిన మొక్క ఆకులు ముడుచుకుని, రంగు పోయి, ఎదుగుదల లేకుండా గిడసబారిపోతుంది. సోకిన మొక్కను బతికించే మందు లేదు. పైగా తెల్లదోమ ఆ రోగాన్ని ఒక మొక్క నుంచి పక్క మొక్కకు మోస్తుంది. అందుకని మా చిన్నప్పుడు పొద్దున్నే బడికి పోయేముందు నన్నూ తమ్ముణ్ణీ చెరో సాలు వెంట నడిపించేది. బొబ్బర మొక్క కనపడితే వేళ్ళతో సహా పీకాలి. పీకినదాన్ని గట్టు మీద పారేయకూడదు, యూరియా సంచిలో వేసుకుని వాగు దాటించి, అవతల కాల్చేయాలి. ఆలోచించడానికి వీల్లేదు. "నువ్వు ఆలోచించేలోపు దోమ ఎగిరిపోతది" అనేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక మొక్కను వదిలేశాను. దానికి ఒక్క పువ్వుంది. ముడుచుకున్న ఆకుల మధ్య ఆ తెల్లటి పువ్వును చూసి జాలేసింది, తమ్ముడికి కూడా చెప్పకుండా ముందుకు నడిచాను. వారం తర్వాత ఆ చుట్టుపక్కల ఆరు మొక్కలు ముడుచుకున్నాయి. యాడి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఆరు మొక్కలనూ నాతోనే పీకించింది. నేను ఏడుస్తూ పీకుతుంటే పక్కన నిలబడి, "జాలి పడ్డది నువ్వు, సచ్చింది ఇవి" అంది. ఆ తర్వాత మా చేన్లో నా చేతికి దొరక్కుండా ఒక్క బొబ్బర మొక్క కూడా మిగల్లేదు. తండాలో వేరేవాళ్ళు కూడా "నీ బిడ్డను ఒకపూట పంపు" అని యాడిని అడిగేవాళ్ళు. నాకు అది పెద్ద గర్వంగా ఉండేది.

ఈత నేర్పింది బా. ఎండిన సొరకాయ బుర్ర వీపుకు కట్టి వ్యవసాయ బావిలో తోసేశాడు. నీళ్ళంటే భయం పోయి పిచ్చి పట్టింది. కొత్తగూడెంలో డిగ్రీ చదువుతున్నప్పుడు కూడా సెలవొస్తే బావిలోనే ఉండేదాన్ని. పీజీ అయ్యాక, పగడాల పనికి ఈత బాగా వచ్చిన మనిషి కావాలని ప్రకటన చూసి రాశాను. ఉద్యోగం వచ్చేనాటికి నేను సముద్రాన్ని ఫోన్లో తప్ప చూడలేదు. ఓడ ఎక్కినరోజు వాంతులతోనే సరిపోయింది.

దీవిలో మా పని చూసే మేడమ్ మలయాళీ. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది, నీళ్ళలో చేపకంటే నెమ్మదిగా కదులుతుంది. మొదటిరోజు నన్ను నీళ్ళ కిందికి తీసుకెళ్ళి పగడాల నర్సరీ చూపించింది. ఇసుక మీద ఇనుప బల్లలు, వాటి మీద బిగించిన తాళ్ళు, తాళ్ళకు వరసగా కట్టిన వేలెడంత పగడపు ముక్కలు. చూడగానే నాకు నవ్వొచ్చి మాస్కులోకి నీళ్ళు పోయాయి. అచ్చం మా మిరప నారుమడి. పైకి వచ్చాక ఆ మాట చెబితే మేడమ్‌కు నచ్చింది. అప్పటినుంచి నర్సరీని ఆమె కూడా "మడి" అనే పిలిచేది.

ఆ ముక్కలు ఎక్కడపడితే అక్కడ విరిచినవి కావు. వెనకటి ఎండలకు దిబ్బ మీద చుట్టూ అన్నీ చచ్చినా ఏవి నిలబడ్డాయో వెతికి, ఆ తల్లి పగడాల నుంచి కొద్దిగా కొమ్మ తీసి మడిలో పెంచుతారు. పెరిగాక వాటిని దిబ్బ మీద ఖాళీలలో నాటుతారు. ఎండకు ఓర్చిన తల్లి పిల్లలు ఎండకు ఓరుస్తాయని ఆశ. యాడి విత్తనానికి కాయలు ఏరేటప్పుడు చేసేది ఇదే కదా. నాకు అప్పగించిన బల్ల మీద నలభై ముక్కలున్నాయి. అన్నీ ఒకే తల్లివి. దిబ్బకు పడమటి పక్కన ఇటుక రంగులో ఒంటరిగా ఉండేది ఆ తల్లి. చుట్టూ అంతా శ్మశానం, మధ్యలో అదొక్కటి. మేడమ్ పనున్నా లేకపోయినా రోజుకోసారి దాని దగ్గరికి పోయి చూసి వచ్చేది. ముసలావిడ మనవరాలిని చూసుకున్నట్టు ఉంటుందని నేను ఆటపట్టిస్తే కోపం నటించేది.

ఏప్రిల్లో నీళ్ళు కాగాయి. లోపలికి దిగితే ఒంటికి చల్లదనమే తగిలేది కాదు. సరిగ్గా అప్పుడే మేడమ్ వాళ్ళ అమ్మకు కంటి ఆపరేషన్ పడింది. రోజూ ఫోటో తీయి, కనిపించింది రాసిపెట్టు అని చెప్పి ఓడెక్కి వాళ్ళ ఊరికి వెళ్ళింది.

ఆమె వెళ్ళిన నాలుగోరోజు నా బల్ల మూల మూడు ముక్కలు తెల్లబడ్డాయి. సున్నం వేసినంత తెలుపు. మర్నాటికి పది. ఆ మర్నాటికి ముప్పై ఒకటి. తాడు వెంట, వరస వెంట, పక్కదాని నుంచి పక్కదానికి. పగడం తెల్లబారడం వేరు, చావడం వేరు అని నేను చదువుకున్నాను. దాని ఒంట్లో ఉండే నాచే దానికి రంగూ తిండీ ఇస్తుందనీ, వేడికి ఆ నాచును కక్కేస్తుందనీ, అయినా కొన్ని వారాల పాటు బతికే ఉంటుందనీ, నీళ్ళు చల్లబడితే మళ్ళీ తేరుకోవచ్చనీ పరీక్షలో రాశాను. మంచి మార్కులు కూడా వచ్చాయి. అవన్నీ తలలో ఉన్నాయి. ముందు కదిలింది మాత్రం చేతులు.

ముప్పై ఒక్క ముక్కలూ తాళ్ళు కోసి తీసేశాను. వలసంచిలో వేసుకున్నాను. మడి పక్కన పారేయలేదు. గట్టు మీద పారేయకూడదు కదా. దిబ్బ అంచు దాకా ఈది, అక్కడ నేల ఒక్కసారిగా తెగి చీకటి లోతు మొదలయ్యే చోట సంచి బోర్లించాను. తెల్లటి ముక్కలు ఒకదాని వెంట ఒకటి కిందికి దిగిపోయాయి. నాకు బాధ అనిపించలేదు. సంచి దులిపి, వాగు దాటించి వచ్చిన తృప్తితో వెనక్కి ఈదాను. శుభ్రంగా ఉన్న బల్లను ఫోటో కూడా తీశాను.

రెండు రోజులకు మిగిలిన తొమ్మిది కూడా తెల్లబడ్డాయి. అప్పుడు మొదటిసారి ఆలోచించాను. పీకేస్తే ఆగాల్సింది ఆగలేదంటే, ఇది ఒకదాని నుంచి ఒకటి అంటుకున్నది కాదు. వాటి జోలికి వెళ్ళలేదు. అంతలో మేడమ్ వచ్చింది. బల్ల చూసి ఆగిపోయి, "ముప్పై ఒకటి చనిపోయాయా?" అని అడిగింది.

"అవును మేడమ్, తీసేశాను" అన్నాను.

ఆమె 'చనిపోయాయి' అని పుస్తకంలో రాసుకుంది. మర్నాడు నన్ను నీళ్ళలోకి తీసుకెళ్ళి, మిగిలిన తొమ్మిదింటిలో ఒకదాని ముందు భూతద్దం పట్టింది. ఆ తెల్లటి ఒంటి మీద వెంట్రుకంత సన్నటి వేళ్ళు కదులుతున్నాయి. నీళ్ళలో కొట్టుకొచ్చిన నలుసును పట్టి నోట్లో పెట్టుకుంటున్నాయి. మేడమ్ పలక మీద రాసి చూపించింది: "తింటోంది." అంటే నేను లోతులో పారేసినవి కూడా అప్పటికి బతికే ఉండి ఉంటాయి.

చెప్పాల్సింది ఆ రోజే. చెప్పలేదు. ఆ తర్వాత ఎవరు ఏ సంగతి మాట్లాడినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. మే నెల చివర మబ్బులు పట్టి నీళ్ళు చల్లబడ్డాయి. తొమ్మిదింటిలో ఏడింటికి మళ్ళీ ఇటుక రంగు తిరిగింది. ఆ రంగు చూసి మేడమ్ సంబరపడుతుంటే నేను పక్కన నిలబడి నవ్వు ముఖం పెట్టాను. వానాకాలం నాలుగు నెలలు నీళ్ళలో దిగే పని ఉండదు, అందుకని ఇంటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి పత్తి గింజలు పెట్టి పది రోజులైంది. ఒక వాన పడి ముఖం చాటేసింది. యాడి నన్ను చూసిన సంతోషాన్ని తిట్ల రూపంలో తీర్చుకుంది. నల్లబడ్డానని, చిక్కానని, ఉప్పునీళ్ళకు జుట్టు పీచైందని, అక్కడ నూనె దొరకదా అని. ఆముదం పట్టించి తల దువ్వుతూ, "ఆడ రాళ్ళు మంచిగున్నయా?" అని అడిగింది. ఫోను చేసినప్పుడల్లా అదే అడుగుతుంది. నా కంటే ముందు నా రాళ్ళ యోగక్షేమాలే.

"ఆఁ, మంచిగనే ఉన్నయ్" అన్నాను. దువ్వెన ఒక్క క్షణం ఆగింది. యాడి మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది.

బుధవారం మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది. వానలు వెళ్ళాక ఏ తల్లి పగడాల నుంచి కొత్త ముక్కలు తీయాలో శనివారం జాబితా ఖాయం చేస్తున్నామని. మడిలో చోటు తక్కువ కాబట్టి బలమైన తల్లులనే ఉంచుతామని. చివర్లో ఇట్లా ఉంది: "నీ ఇటుక రంగు తల్లిని తీసేయాల్సి వస్తోంది. ఏడు తేరుకున్నా, నలభైలో ముప్పై ఒకటి పోయాయి కదా. నాకు చాలా బాధగా ఉంది."

ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదివానో. ఎండను గెలిచిన తల్లి అది. దాని పిల్లలు చావలేదు, నేను పారేశాను. ఇప్పుడు నా అబద్ధం వల్ల దాన్ని పక్కన పెట్టేస్తారు. అది ఇచ్చే పిల్లలతో నిండాల్సిన ఖాళీలలో దానికంటే బలహీనమైనవి వస్తాయి, రేపటి ఎండకు అవి పోతాయి. నోరు విప్పడానికి మూడు రోజులున్నాయి. నోరు విప్పితే నా మీద మేడమ్ పెట్టుకున్న నమ్మకం పోతుంది, ఉద్యోగమూ పోవచ్చు. నేను ఏ జవాబూ రాయకుండా ఫోను దిండు కింద పెట్టేశాను.

గురువారం పొద్దున యాడి వెంట చేనుకు పోయాను. మొలవని గింజల చోట ఖాళీలు ఉంటాయి, వాటిని మావాళ్ళు పోగుంటలు అంటారు. వాటిలో పెట్టడానికి యాడి ముందే చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లలో మొక్కలు పెంచి పెట్టుకుంటుంది. ఆమె పోగుంటలు నింపుతుంటే, ఒక్కోచోట జంటగా మొలిచినవాటిలో బక్కదాన్ని పీకేసే పని నాకు చెప్పింది. కళ్ళు మూసుకుని చేయగల పని. మొదటి జంట దగ్గర కూర్చున్నాను. బక్క మొక్కను రెండు వేళ్ళతో పట్టుకున్నాను. పీకలేకపోయాను. రెండో జంట దగ్గరికి పోయాను. అక్కడా అంతే.

యాడి నడుము ఎత్తి చూసింది. "చేతికేమైందే?" అంది.

"ఏం కాలే."

"ఈపాటికి సాలు మొత్తం పీకేదానివి. ఏమైందో చెప్పు."

నేను ఇంకో జంట దగ్గరికి జరిగాను. ఆమె ఇంకో రెండు మొక్కలు నాటి, చేతులు దులుపుకుని, "రా, తిందాం" అంది. అన్నం పొద్దు కూడా కాలేదు. చేను అంచున నీడలో కూర్చుని జొన్నరొట్టె మూట విప్పింది. రొట్టె మీద పచ్చిమిర్చి తొక్కు పెట్టి నా చేతికిచ్చింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకునేసరికి ఏడుపొచ్చింది. తొక్కు కారమని చెప్పబోయాను గానీ, మిరప చేన్లో పుట్టిన పిల్ల ఆ సాకు చెబితే కాకులు కూడా నమ్మవు. మొత్తం చెప్పేశాను. తెల్లబడటం, కోసేయడం, అంచు దాకా మోసుకుపోవడం, అబద్ధం, శనివారం జాబితా, అన్నీ.

యాడి రొట్టె పక్కన పెట్టి, చీడ పట్టిన చేన్లో అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది.

"వాసనొచ్చిందా?"

"రాలే."

"మెత్తబడ్డదా? కుళ్ళిందా?"

"లేదు."

"మరి సచ్చిందని నీకెవరు చెప్పిర్రు?"

నా నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "నువ్వే చెప్పినవ్! రంగు పోతే పీకుమన్నది నువ్వే. ఆలోచించొద్దన్నది నువ్వే" అని అరిచాను.

యాడి ముఖం చిన్నబోయింది. నా జన్మలో ఆమె ముఖం అట్లా అవడం నేను చూసింది తక్కువ. ఆమె లేచి చేను దాటి అడవిలోకి నడిచింది. నేనన్న మాట నాకే అసహ్యమేసి వెనకాలే పోయాను. నాలుగు అడుగులు లోపలికి పోయి ఒక తునికి పొద ముందు ఆగింది. బీడీ ఆకు ఇచ్చే పొద. ప్రతి ఏడాదీ చలికాలం పోగానే కూలికి పోయి ఆ పొదలను మొదలంటా కొట్టి వచ్చేవాళ్ళలో యాడి ఒకతె. లేతాకు రావాలంటే అట్లా కొట్టాల్సిందే. ఆ సంవత్సరం దాని మీదుగా మంట కూడా పోయినట్టుంది, మొదళ్ళు నల్లగా మాడి ఉన్నాయి. ఆ మాడిన మొదళ్ళ నుంచే అరచేతి వెడల్పు ఆకులు దట్టంగా వచ్చి ఉన్నాయి.

"దీన్ని మాఘంల చూస్తే ఏమంటవ్?" అని అడిగింది.

"సచ్చిందని అంట."

"ఎన్నడన్న పీకినమా?"

"లేదు."

"ఎందుకు పీకలే?"

మాడిన మొదలును వేలితో తడిమాను. చిన్నప్పటినుంచి ఆ దారిన నడిచాను. చేన్లో ఏ మొక్క నలతగా కనిపించినా చేయి పోయేది. అడవిలో అడుగు పెడితే అదే చేయి ఊరుకునేది. ఎవరూ నేర్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

"చేను మనం పెట్టినం, మనమే పీకుతం" అంది యాడి. "అడవి మనం పెట్టలే. దాని సావు బతుకు దానికే తెలుసు, మనం చూస్తం, ఆగుతం. నువ్వు నీళ్ళల్ల అడవి పెంచుకుంట, చేనోలె చూసినవ్. గదే తప్పు."

నేను తల వంచుకుని, ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుందన్నాను.

"నీ నౌకరి సంగతి తర్వాత. ఆ తల్లి సంగతేంది? దాని పిల్లల్ని నువ్వు పారేసి, సచ్చే పిల్లల్ని కన్నదని దాని మీద నింద ఏస్తవా?" అంది. గొంతులో కోపమే ఉంది గానీ, నా భుజం మీది దుమ్ము దులుపుతూనే ఉంది. నేను ఆమె మీద వేసిన నింద గురించి మాత్రం ఒక్క మాట ఎత్తలేదు. నేనే క్షమించమన్నాను. "చల్, రొట్టె మీద చీమలు ఎక్కుతయ్" అంది.

శుక్రవారం పొద్దున చేను గట్టు మీద నుంచే ఫోను చేశాను. యాడి పక్కనే నిలబడి, "పెద్దగ పెట్టు, నేను గూడ వింట" అంది. నీకు ఇంగ్లీషు రాదు కదా అంటే, "నీ గొంతు నాకు వస్తది" అంది. స్పీకర్ పెట్టాను.

మేడమ్‌తో ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయపడి ఆపలేదు.  అయిపోయాక మేడమ్ కూడా యాడి అడిగినట్టే ఒక్కొక్కటే అడిగింది. వాటి మీద ఆకుపచ్చ నాచు పెరిగిందా? లేదు. ఒళ్ళు ఊడి వచ్చిందా? లేదు. ఎక్కడ వదిలావు? చెప్పాను. అంత లోతున వెతకడం కుదరదని ఇద్దరికీ తెలుసు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను మేడమ్."

"నేనూ తప్పులు చేశాను. కానీ చచ్చాయని రాయించలేదు" అంది. ఆ మాట నాకు బాగా తగిలింది, తగలాల్సిందే. ఆమె లెక్క సరిచేయడం మొదలుపెట్టింది. ముప్పై ఒకటికి ఎదురుగా 'చనిపోయాయి' కొట్టేసి 'తెలియదు' అని రాయాలి. మిగిలిన తొమ్మిదింటిలో ఏడు తేరుకున్నాయి. "అంటే అది మనం అనుకున్నదాని కంటే గట్టి తల్లి. జాబితాలో ఉంటుంది" అంది. అది విని గట్టు మీద కూర్చుండిపోయాను. ఈ ఏడాది నేను ఒంటరిగా ఏ బల్లనూ ముట్టుకోవడానికి వీల్లేదని కూడా చెప్పింది. జరిగిందంతా నా చేత్తో రాసి పంపమంది. సరే అన్నాను.

అప్పుడు యాడి "నాకియ్యి ఫోను" అంది. వద్దని సైగ చేశాను. ఆమె నా చేతిలోంచి లాక్కుని, నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, కొంగు సర్దుకుని మాట్లాడింది.

"మేడమ్, నమస్తే. నేను దీని తల్లిని. ఈ పిల్లకు పీకుడు నేర్పింది నేనే. ఉంచుడు మీరు నేర్పుర్రి."

"అమ్మ ఏమంటున్నారు?" అని మేడమ్ ఇంగ్లీషులో అడిగింది.

నాకు పీకడం నేర్పింది తనే అంటోందని చెప్పాను. అక్కడే ఆగిపోయాను.

యాడి నా ముఖంలోకి చూసింది. "నేను రెండు మాటలన్న. నువ్వొక్కటే చెప్పినవ్" అంది. "రెండోది గూడ చెప్పు."

చెప్పాను.